వెనకబడ్డ కణాలు

రంజాను నెల చివరికి వచ్చేసరికి సొందెస్‌కి ఆకలి వెయ్యడం కూడా మానేసింది. ఆకలైనా వేస్తే బాగుండును, సాయంత్రం తింటామన్న ఆశ ఒకటి మిగులుతుంది. ఇప్పుడు మిగిలింది అలసటే. పొద్దున లేవగానే అలసట, బస్సులో అలసట, పరిశోధనశాలలో స్టూలు మీద కూర్చుంటే నడుములో అలసట. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళకు పైగా స్ఫాక్స్ ఊరి ఆస్పత్రి వెనకున్న ఇన్‌స్టిట్యూట్‌లో, ఆ రెండు గదుల్లో పిల్లల కండరాల ముక్కల్ని ప్లాస్టిక్ పాత్రల్లో పెంచుతోంది. పెంచడమంటే మాటవరసకి అన్నది కాదు. వాటికి రోజు మార్చి రోజు తిండి మార్చాలి, వెచ్చగా ఉంచాలి, ఇరుకైతే వేరు కాపురం పెట్టించాలి. పండగ, జ్వరం, అత్తగారి కోపం లాంటివేవీ వాటికి పట్టవు.

ఆ నెల ఇంక్యుబేటర్లో ఉన్నవి ఉమైమా కణాలు. ఉమైమాకి తొమ్మిదేళ్ళు, బీర్ అలీ వైపు పల్లె. తల్లి మొంజియా పెదనాన్న కొడుకునే పెళ్ళి చేసుకుంది. ఆ చుట్టుపక్కల సగం మంది చేసుకునేది అలాగే, సగం ఇళ్ళలో ఒక పిల్లో పిల్లాడో గోడ పట్టుకుని నడిచేదీ అందుకే. కండరాన్ని పట్టి ఉంచే ఒక మాంసకృత్తు ఆ పిల్లల్లో తయారు కాదు. నడిచినకొద్దీ కండరం చిరుగుతుంది, చిరిగినచోట కొవ్వు చేరుతుంది. ఉమైమా అన్న పదకొండో ఏట కుర్చీలో కూలబడ్డాడు. అతని తొడలోంచి పరీక్షకి ముక్క తీసిన వారానికే గాయం చీము పట్టింది, ఆ తర్వాత అతను లేవలేదు. లేవకపోవడం జబ్బు వల్లేనని డాక్టర్లంటారు. కత్తి వల్లేనని మొంజియా అంటుంది. ఎవరెన్ని చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. ఉమైమా తొడలోంచి ముక్క తియ్యడానికి మాత్రం ఒక్కసారికి, ఒకే ఒక్కసారికి తలూపింది.

ఆ ఒప్పుకోవడానికి కారణం సముద్రం అవతలి ఒక డాక్టర్ల బృందం. వాళ్ళ దగ్గర కొత్త మందుంది. దాన్ని పిల్లలకి ఎక్కించే ముందు, ఆ పిల్లల సొంత కణాల మీద పోసి చూస్తారు. ఎవరి కణాలు ప్రాణంతో, పెరుగుతూ, వచ్చే నెలాఖరులోపు అక్కడికి చేరతాయో ఆ పిల్లల్నే పిలుస్తారు. చేరకపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో వాళ్ళకే తెలియదు. ఉమైమా ఇంకా నడుస్తోంది. మళ్ళీ పిలిచేదాకా నడుస్తుందని చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

తొడలోంచి తీసిన ముక్క శనగగింజంత. దాన్ని సన్నగా తరిగి, కరిగించి, పాత్రలో పోస్తే తొందరపాటు కణాలు గంటలోపే అడుగుకి అతుక్కుపోతాయి. అవి కండరానివి కావు, కండరాల మధ్య పీచు అల్లేవి. జాగా దొరికితే చాలు, కబ్జా చేసేస్తాయి. అతుక్కోకుండా తేలుతున్న వాటిని మర్నాడు ఇంకో పాత్రలోకి, ఆ మర్నాడు మరో పాత్రలోకి వంచుకుంటూ పోవాలి. వారం తిరిగేసరికి ఎక్కడా కుదురుకోకుండా వెనకబడ్డవి కాసిని మిగులుతాయి. సొందెస్‌కి కావలసినవి అవే, కండరంలో దాగి ఉండే మూలకణాలు. ఏమీ కాకుండా ఉన్నంతకాలం అవి ఒకటి రెండవుతాయి, రెండు నాలుగవుతాయి. కండరంగా మారాయా, ఇక పెరగవు. అందుకే వాటికి కడుపు నిండా సీరం, అదే దూడ నెత్తుటి తేట, పొయ్యాలి, ఒకదానికొకటి తగలనంత ఖాళీ ఇవ్వాలి. తిండి తగ్గి, ఇరుకు పెరిగిందంటే పెరిగే వయసు అయిపోయిందనుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని కండరం కట్టేస్తాయి.

ఈ సంగతంతా ఒకసారి అత్తగారు హాజ్జా బేయాకి చెబితే ఆవిడ బఠాణీలు ఒలుస్తూ విని, "మా చిన్నాడు రిదా లాంటివన్నమాట. నలభై ఏళ్ళొచ్చేదాకా వాడూ ఎక్కడా కుదురుకోలేదు. వాణ్ణి మాత్రం ఇంత శ్రద్ధగా ఎవరూ చూళ్ళేదు" అంది.

బుధవారం ఉపవాసాల్లో ఇరవై తొమ్మిదో రోజు. సీరం సీసా అడుగంటింది. కొత్త సీసాలు రాదెస్ రేవులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర మూడు వారాలుగా మూలుగుతున్నాయి. ట్యూనిస్‌లో పనిచేసే స్నేహితురాలొకామె గురువారం పొద్దున, ఊళ్ళ మధ్య తిరిగే లువాజ్ బండిలో మంచు పెట్టెలో పెట్టి అరసీసా పంపుతానంది. గురువారం ముప్పయ్యో ఉపవాసం, పండగ శుక్రవారం. క్యాలెండర్లో అలాగే ఉంది, ఊరంతా అలాగే అనుకుంటోంది. గురువారం మధ్యాహ్నం సీరం రాగానే కణాలని విడదీసి, నాలుగు పాత్రల్లోకి పలచగా సర్ది, కడుపునిండా తిండి పెట్టి పండక్కి వెళ్ళిపోవచ్చు. ముందే ఫ్రీజ్ చేసి దాచిన ఉమైమా కణాలు కొన్ని ఉండేవి కానీ, చలికాలంలో నైట్రోజన్ ట్యాంకు ఎండిపోయిన వారంలో అన్నీ పోయాయి. ఉమైమా పేరున భూమ్మీద మిగిలినవి ఆ ఒక్క పాత్రలో ఉన్నవే.

మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. పాత్ర దాదాపు నిండింది. తిండి మార్చాలి. ఉన్న సీరం మొత్తం పోసేస్తే రేపు కణాలని అడుగునుంచి ఊడదీసే ఎంజైముని ఆపడానికి కూడా చుక్క ఉండదు. పొయ్యాల్సిన దాంట్లో పావు వంతే పోసింది. ఒక్క పూటకేగా, రేపు ఈ వేళకి ఇంకో సీసా ఉంటుంది అనుకుంది. స్ఫాక్స్ వాళ్ళు నూనె సీసాని బోర్లించి రాత్రంతా ఉంచి ఆఖరి చుక్క దాకా దించుతారని ట్యూనిస్ వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ అలవాటుతోనే ఆమె ఇరవై ఏళ్ళు ఆ ల్యాబు నడిపింది.

సాయంత్రం ఉపవాసం విడిచి, సూపు తాగి, ఇంకా చెంచా కింద పెట్టలేదు, టీవీలో ముఫ్తీగారు నెలవంక కనబడిందన్నారు. పండగ రేపే.

ఇల్లు ఒక్కసారిగా గొడవైపోయింది. హాజ్జా బేయా లేచి నడుం బిగించింది. ఉప్పుచేప నీళ్ళలో నానుతోంది కానీ ఉల్లిపాయ ఇంకా తరగలేదు, ఎండుద్రాక్ష ఇంకా నూరలేదు. ఆ రెండూ కలిపి వండే షర్మూలా గంటల తరబడి సన్నటి మంట మీద మగ్గితేగానీ పొద్దున పండగ అనిపించదు. "ఏం చూస్తున్నావమ్మాయ్, చంద్రుడు ఒకరోజు ముందొచ్చాడు, ఉల్లిపాయలు మాత్రం వాటంతటవి తరుక్కోవు" అని కత్తి చేతికిచ్చింది.

సొందెస్ ఉల్లిపాయలు తరిగింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే పాత్ర గుర్తొచ్చింది. పలచగా పోసిన సీరం, నిండిపోయిన అడుగు. ఇప్పుడు వెళ్తే గంటలో తిరిగొచ్చెయ్యొచ్చు. కొత్త సీరం రాకపోయినా ఫర్వాలేదు, ఉన్నదాంతోనే కణాలని రెండు పాత్రల్లోకి విడదీస్తే చాలు, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. గేటు దగ్గర కాపలా బషీర్ ఉంటాడు. కత్తి పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడింది. ఇంకో ఉల్లిపాయ అందుకుంది. రేపు నమాజు అయ్యాక వెళ్దాంలే అనుకుంది. అప్పటికి ఆమెలో ఉన్న ఓపిక అంతే.

పండగ నమాజు, చేప, షర్మూలా, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. అవన్నీ తెమిలి, కొత్త బట్టలతోనే ఆమె ఇన్‌స్టిట్యూట్‌కి చేరేసరికి మూడయింది. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం. కిందటేడు ఏసీ మిషన్ల రాగి గొట్టాలు ఎవరో ఊడపీక్కుపోయినప్పటినుంచీ కొత్త తాళం వేశారు. దానికి రెండే చెవులు. ఒకటి డైరెక్టరుగారి దగ్గర, ఆయన ఉమ్రాకి మక్కా వెళ్ళారు. రెండోది కాపలా చూసే బషీర్ దగ్గర. ఫోను చేసింది.

"ఈద్ ముబారక్ లెల్లా సొందెస్" అన్నాడు బషీర్, అమ్మగారూ అన్నట్టు. వెనక ఎక్కడో సముద్రం హోరు వినబడుతోంది.

"బషీర్‌గారూ, ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనమ్మా, కెర్కెన్నా దీవిలో. నెలవంక కనబడిందనగానే రాత్రి పడవెక్కేశాను. మనవరాలు పుట్టింది కదా, ఇంకా మొహం చూళ్ళేదు."

"తాళంచెవి?"

"జేబులోనే ఉందండీ" అన్నాడు నీళ్ళు నములుతూ. "రేపు పొద్దున పడవకి వచ్చేస్తాను. ఇన్‌షా అల్లా."

అల్లా తలిచింది వేరే. ఆ రాత్రి గాలి లేచింది. గాలి గట్టిగా ఉంటే కెర్కెన్నా పడవ కదలదు, ఇది పిల్లలకి కూడా తెలుసు. శుక్రవారం కదల్లేదు. శనివారం కదల్లేదు. సొందెస్ గంటగంటకీ ఫోను చేసింది. "నేనేం చెయ్యను లెల్లా, ఈదుకుంటూ రమ్మంటారా?" అన్నాడు బషీర్, విసుక్కోలేక విసుక్కుంటూ. అతన్ని అనడానికేముంది. తాళం పగలగొట్టిద్దామని పోలీసులకి ఫోను చేస్తే, "అందులో ఏముందమ్మా?" అన్నారు. ఒక చిన్నపిల్ల కణాలున్నాయంది. "పండగపూట మాతో వేళాకోళమా?" అని పెట్టేశారు.

ఆ మూడు రోజులూ చుట్టాలొచ్చారు, బక్లావా పళ్ళేలు తిరిగాయి. ఆమె నవ్వాల్సినచోట నవ్వింది. ఇంటాయన "వెచ్చగానే ఉన్నాయిగా, ఏమవుతుంది?" అన్నాడు. ఏమవుతుందో ఆయనకి చెప్పి ప్రయోజనం లేదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బషీర్ వచ్చాడు, ఒంటినిండా ఉప్పు వాసనతో, చేతిలో ఆక్టోపస్ ఎండుముక్కల పొట్లంతో. పొట్లం ఆమె చేతిలో పెట్టి, తాళం తీశాడు.

పాత్రని మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు సొందెస్ ముందు కళ్ళు మూసుకుంది. తెరిస్తే అనుకున్నదే. బుధవారం విడివిడిగా ఉన్న కణాలు ఇప్పుడు వరసలు కట్టి, మధ్యలో గోడలు కరిగించుకుని, పొడుగాటి గొట్టాలైపోయాయి. ఒక్కో గొట్టంలో చిక్కుడుకాయలో గింజల్లా కేంద్రకాలు. పాత్ర ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఉమైమా కండరం పరుచుకుని ఉంది. ఇంకో చోటికి జరిపింది. అక్కడ ఒక గొట్టం ఉలిక్కిపడింది. ఆగి, మళ్ళీ ఉలిక్కిపడింది. పక్కనున్నది దాన్ని చూసి నేర్చుకున్నట్టు తనూ కొట్టుకోవడం మొదలెట్టింది.

ఎంత పాపిష్టి మనసో, ముందు సంతోషం కలిగింది. ఇన్నేళ్ళలో కండరం తనంతట తాను కొట్టుకోవడం ఆమె చూసింది బహుతక్కువ. ఆ తర్వాత మిగతాది గుర్తొచ్చింది. ఇవి పెరగవు. ఇంకో వారం ఇలాగే లాక్కుని లాక్కుని, అడుగునుంచి ఊడిపోయి, చస్తాయి. సముద్రం దాటించడానికి ఇందులో ఏమీ లేదు.

ఏమీ లేదా? మళ్ళీ వంగి చూసింది. గొట్టాల సందుల్లో, మూలల్లో, అక్కడొకటి ఇక్కడొకటి, చిన్న గుండ్రటి కణాలు. ఎవరితోనూ కలవకుండా, ఏమీ చెయ్యకుండా పడున్నవి. అందరూ కండరమైపోయినా కొన్ని ఇలా మిగిలిపోతాయి. పలచటి ఎంజైము కాసేపు తగిలిస్తే గొట్టాలు ముందు ఊడిపోతాయి, ఇవి మాత్రం పట్టుకుని ఉంటాయి. గొట్టాల్ని కడిగేసి, వీటికి సీరం పోస్తే, కొన్నిసార్లు, అదృష్టం బాగుంటే, మళ్ళీ పెరగడం మొదలెడతాయి. వాటిని పెంచేంత సీరం ఇప్పుడు లేదు. పండక్కి ఆగిన లువాజ్ బండి రేపు పొద్దున వస్తుంది. సీరం లేకుండా కడిగితే ఈ నాలుగూ కూడా పోతాయి.

రేపు పొద్దున్నే మొంజియా కూడా వస్తుంది. పండగ వెళ్ళాక సోమవారం తీసుకురా, నీ కండరాలు నీకు చూపిస్తానని ఉమైమాకి సొందెస్ తనే మాటిచ్చింది.

రావద్దని ఫోను చేద్దామనుకుంది. చెయ్యలేదు.

సోమవారం సీరం, ఉమైమా ఇంచుమించు ఒకేసారి వచ్చారు. ఉమైమా పండగ గౌను వేసుకుంది, మునివేళ్ళ మీద నడుస్తూ, ఒక చెయ్యి వరండా గోడ మీద వేసుకుని. మొంజియా వెనకాలే, పట్టుకోకుండా, పడితే పట్టుకునేంత దగ్గరలో. చేతిలో నువ్వుల ఘ్రైబా బిస్కెట్ల డబ్బా.

"పల్లెటూరి ఘ్రైబా, దొక్తోరా. మీ ఊరివాళ్ళు చేసినంత నాజూగ్గా ఉండవు. పళ్ళు గట్టివైతేనే తినండి" అంది మొంజియా.

సొందెస్ నవ్వలేకపోయింది. పాత్ర తెచ్చి పెట్టింది. ఉమైమా స్టూలు ఎక్కలేదు, తల్లి ఎత్తి కూర్చోబెట్టింది. పిల్ల రెండు చేతులూ బల్లకి ఆనించి, కన్ను పెట్టింది.

"అమ్మా, తంతున్నాయే" అంది.

"ఏం తంతున్నాయే?"

"నావి. నా కండలు. నువ్వు చూడు. నేను తన్నమనలేదు, వాటంతటవే తంతున్నాయి."

మొంజియా చూసింది. ఆమెకి మైక్రోస్కోప్‌లో చూడ్డం రాదు, ముందు తన కనురెప్పే కనబడింది. సొందెస్ సర్దిపెట్టింది. అప్పుడు కనబడింది. ఆమె వీపు ఒక్కసారి కదిలింది. తలెత్తకుండానే, "ఇంత గట్టిగా ఉన్నాయి దొక్తోరా. ఇంత గట్టిగా ఉన్నవాటిని నా పిల్ల కాల్లో తిరిగి పెట్టెయ్యండి, చాలు. ఏ మందూ వద్దు" అంది.

సొందెస్ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పగలిగే మాట కాదది.

"పెట్టడానికి అవ్వదు మొంజియా. పెట్టినా నిలవవు. అసలు ఇవి ఇలా అవ్వకూడదు. ఇవి ఏమీ అవ్వకుండా ఉంటేనే పెరుగుతాయి, పెరిగితేనే పంపగలను. ఇప్పుడివి కండరమైపోయాయి. ఇక పెరగవు."

"ఎందుకైపోయాయి?"

"నా వల్ల. సీరం అయిపోతోందని తక్కువ పోశాను. మర్నాడొచ్చి సర్దుదామనుకున్నాను. పండగ ఒకరోజు ముందొచ్చింది. ఆ సాయంత్రమే రావాల్సింది. రాలేదు."

మొంజియా తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ గొంతులో మర్యాద పోయింది. "ఎందుకు రాలేదు?"

"అలిసిపోయాను."

"అలిసిపోయావు." మొంజియా ఆ మాటని తూచి చూసినట్టు పలికింది. "ఒకణ్ణి మంచం మీదనుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తుతాను. దీన్ని బడికి మోస్తాను, తెస్తాను. రేపు నేను అలిసిపోతే ఎవరు ఎత్తుతారో నువ్వు చెప్పు. పండక్కి చేప తిన్నావా?"

"తిన్నాను."

"బావుందా?"

ఆ చేప రుచి సొందెస్‌కి ఏమాత్రం గుర్తులేదు, కానీ ఆ మాట చెప్పి జాలి అడుక్కోవడానికి మొహం చెల్లలేదు.

ఉమైమా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, గౌను చెయ్యి పైకి మడుచుకుంది. "మళ్ళీ తీసుకోండి దొక్తోరా. ఈసారి చేతిలోంచి తీసుకోండి. చేత్తో నడవనుగా."

"నోర్ముయ్" అంది మొంజియా. మడిచిన చెయ్యి తనే కిందికి లాగి, గుండీ పెట్టింది. "దీన్ని ఇంకోసారి కొయ్యనివ్వను. ముందే చెప్పాను. వాళ్ళు పిలవకపోతే పోనీ."

"కొయ్యను" అంది సొందెస్. "ఇంకో దారుంది. అవుతుందని చెప్పలేను. ఈ పాత్రలోనే, వీటి మధ్యలో, కలవకుండా మిగిలినవి కాసిని ఉన్నాయి. ఈ గొట్టాలన్నీ కడిగేస్తే అవి మిగులుతాయి. వాటికి తిండి పెట్టి చూడాలి."

"అంటే ఈ తన్నేవాటిని?"

"పారబొయ్యాలి."

"ఈ పనిచేసేవాటిని పారబోసి, ఏమీ చెయ్యకుండా పడున్నవాటిని దాస్తానంటావు."

"అవును."

"అవి చచ్చాయేమో, నీకెలా తెలుసు?"

"చావలేదు. ఇంకా ఏమీ కాలేదు, అంతే. వీటినీ వాటినీ కలిపి ఉంచలేను మొంజియా. వీటికి పెట్టే తిండి వేరు, వాటికి పెట్టే తిండి వేరు."

మొంజియా గోడకి చేరబడి నిలబడింది. ఎదిగి, గట్టిపడి, నడవాల్సిన ఒక కొడుకు ఆమెకి ఇంట్లో ఉన్నాడు. పిల్లల కాళ్ళు కదలడమొక్కటే ఆమె దేవుణ్ణి అడిగింది ఇన్నాళ్ళూ. ఇప్పుడు కళ్ళ ముందు కదులుతున్నవాటిని పారబొయ్యమని తను చెప్పాలి. వరండాలో ఎవరో బండి నెట్టుకుంటూ పోయారు.

"దాన్ని ఇంకోసారి చూడనీ" అంది ఆఖరికి. "చూశాక పారబొయ్యి."

ఉమైమా చూసింది. ఈసారి ఎవరూ తొందర పెట్టలేదు. చూస్తూ చూస్తూ, స్టూలు మీదినుంచి వేలాడుతున్న కుడికాలు కొంచెం కదిపింది. మడమ స్టూలు కోడుకి తగిలింది. ఇంకోసారి కదిపింది. తర్వాత కన్ను తీసేసి, "ఇక చాలు" అంది.

సొందెస్ చేతి తొడుగులు వేసుకుని, శుభ్రమైన గాలి వీచే హుడ్డు ముందు కూర్చుంది. పాత తిండి తీసేసి, ఎంజైమును బాగా పలచ చేసి పోసింది. తల్లీ కూతురూ గాజు తలుపు అవతల నిలబడ్డారు. నిమిషాలు గడిచాక గొట్టాల చివర్లు ముడుచుకున్నాయి, అడుగు వదిలి లేచాయి, పాత్రని కొంచెం వంచగానే తెల్లటి తెరలా జారి ఒక మూలకి చేరాయి. ఒకటో రెండో అప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాయి. వాటిని ఆమె పైపెట్టుతో పీల్చి, బ్లీచింగ్ నీళ్ళ గిన్నెలోకి వదిలింది. కళ్ళు మసకబారాయి, చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. ట్యూనిస్ నుంచి వచ్చిన సీరం ఈసారి ఒక్క చుక్క కూడా మిగల్చకుండా కొలత నిండా పోసింది. తలెత్తి చూసేసరికి గాజు తలుపు అవతల ఎవరూ లేరు.

ఆ తర్వాతి రోజుల్లో ఆమెకి శుక్రవారం లేదు, ఆదివారం లేదు. పొద్దున్నే వచ్చి పాత్ర చూసేది. ఏమీ లేదు. ఖాళీ అడుగు, అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి కణం, నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే. చచ్చాయా బతికాయా అన్నది కూడా తేలదు. "ఇంకా ఆ ఖాళీ గిన్నెలోకే చూస్తున్నావా?" అంది హాజ్జా బేయా ఒకరోజు, ఈమె అన్నం ముందు కూర్చుని తినకుండా చూస్తుంటే. ఎగతాళి చేద్దామని మొదలెట్టి, కోడలి మొహం చూసి ఆపేసి, పళ్ళెంలోకి ఇంకో చేపముక్క వేసింది. బషీర్ కొత్త తాళానికి ఎవరికీ చెప్పకుండా ఇంకో చెవి చేయించి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పర్సులో వేసుకుంది. అతన్ని చూస్తే ఆమెకి తన మీద తనకే కోపం వస్తోంది.

మొంజియా ఫోను చెయ్యలేదు. సొందెస్ చెయ్యడానికి చెప్పుకోదగ్గ మాట లేదు.

ఒక గురువారం పొద్దున ఒక గుండ్రటి కణం సాగి, కోలగా పడుకుని ఉంది. చూసుకోవడంలో పొరపాటు పడ్డానేమో అనుకుంది. శుక్రవారం ఆ చోట రెండున్నాయి, పక్కపక్కన, వాటి మధ్య చక్కగా సన్నటి ఖాళీతో. పాత్రంతా వెతికింది. ఇంకో మూలలో ఇంకో జత, పాత్ర అంచు దగ్గర మరొకటి. సొందెస్ స్టూలు మీద వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కొంతసేపు కూర్చుంది. ఏడవడానికి కూడా ఒళ్ళు సహకరించలేదు. ఆ తర్వాత ఫోను తీసింది.

మొంజియా ఎత్తింది కానీ పలకరించలేదు. ఊపిరి వినబడుతోంది, బరువైనదేదో అప్పుడే కింద పెట్టినట్టు.

"పెరుగుతున్నాయి మొంజియా" అంది సొందెస్. "కొంచెమే. కానీ పెరుగుతున్నాయి."

"నెలాఖరుకి సరిపోతాయా?"

"ఇలాగే పెరిగితే సరిపోతాయి. మాటివ్వను. రోజూ వస్తాను, అది మాత్రం మాటిస్తాను."

అవతల ఎక్కడో గొర్రె అరిచింది. ఆ తర్వాత మొంజియా గొంతు, చాలా నెమ్మదిగా, అడగడానికి భయపడుతున్నట్టు వచ్చింది. "తంతున్నాయా?"

"లేదు. ఒక్కటి కూడా కదలడం లేదు."

"అల్‌హమ్దులిల్లా" అంది మొంజియా. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది కానీ మాట వినబడుతూనే ఉంది. "ఉమైమా, ఓ ఉమైమా, అవి కదలడం లేదటే."